సుంకులమ్మ రాయి దగ్గర ఎర్రబంతి

గుండ్లబావి బీటు,
నల్లమల
22 మార్చి 1955

ప్రియమైన రామలక్ష్మికి,

నువ్వు కడప చేరి ట్రైనింగు స్కూల్లో చేరిపోయినట్టు రాసిన కార్డు అందింది. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. కుడిచెయ్యి బొబ్బలెక్కింది. అక్షరాలు కోడి కెలికినట్టుంటే, రేపు పంతులమ్మవు కాబోయేదానివి, దిద్దుకుని చదువుకో.

మన కొండ కాలిపోయింది.

నువ్వు పద్నాలుగో తేదీ పొద్దున బయలుదేరావు. పదిహేనో తేదీ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను, పడమటి గట్టు మీద పొగ లేచింది. చెయ్యి కడుక్కునే లోపల అది పొగ కాదు, మంట. నాలుగు రోజులు పచ్చికొమ్మలు విరిచి కొట్టాం. పదకొండుమంది మనుషులం, కొండేమో అంత. వెదురు పొదలు పేలుతుంటే ఎవరో తుపాకులు కాలుస్తున్నట్టే ఉండింది. నాలుగో రోజు వాగు ఇసుక దగ్గర దానంతట అదే ఆగింది. మేం ఆర్పామని రేంజరు దొర రాసుకున్నాడు.

నిన్ను రోడ్డు దాకా సాగనంపలేదని నీకు కోపం. కార్డులో రెండు లైన్లు రాసి ఊరుకున్నప్పుడే తెలిసింది. కానీ ఆ రోజే ఫైర్‌లైన్లు కాల్చాలని ఉత్తరువు. నీకు తెలిసిందేగా, ఎండలు ముదరకముందే మనమే నాలుగు బారల వెడల్పున గడ్డి కాల్చి బోడిగీత చేస్తే, తర్వాత నిప్పు వచ్చినా ఆ గీత దాటదని. నీ ట్రంకుపెట్టె ముందురోజే వెదురు బండి మీద రోడ్డుకు పంపించాను కదా, మనిషి నడిచి పోలేదా అనుకున్నాను. ఇప్పుడు ఆ ఫైర్‌లైనే నా గొంతు మీదికి వచ్చింది.

ఎందుకంటే రామలక్ష్మీ, ఆ గీతలో నిప్పు పూర్తిగా ఆరిందో లేదో నాకు తెలియదు. ఆర్పి, తొక్కి, నీళ్లు చల్లే వచ్చాను. కానీ ఆవుపేడ ఒకటి లోపల రాజుకుంటే రెండు రోజులైనా ఉంటుంది. ఆ దారిలో పేడకు కొదవా.

దొర మాత్రం ఆదోని తట్టు కంబన్నను పట్టుకున్నాడు. ప్రతి ఎండాకాలం ఆవుల్ని మేపుకోవడానికి తోలుకొస్తాడే, మనకు దుత్తెడు మజ్జిగ ఇచ్చి పోతాడే, ఆయన్నే. పడమటి గట్టు దిగువన అతని పొయ్యిరాళ్లు దొరికాయి. "నేను సంగటి వండుకున్న పొయ్యప్పా అది, ఆర్పే వచ్చినా" అంటాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఎప్పుడూ వాగే మనిషి, నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసి నాకు కూడా అనుమానం వచ్చింది. తర్వాత నా గీత గుర్తొచ్చి ఆ అనుమానం నా మీదికే తిరిగింది. ఏదీ తేలడం లేదు.

నువ్వు వేళకు తిను.

నీ బావ,
పుల్లయ్య

*

కడప
30 మార్చి 1955

ప్రియమైన బావకు,

చేతికి ఏం రాస్తున్నావు? కలబంద గుజ్జు రాయి. బూడిద రాయొద్దు. ఎవరైనా చెప్పారని పేడ అస్సలు రాయొద్దు.

ఉత్తరం చదివిన రోజు తకిలి మీద నూలు తీస్తుంటే పదిసార్లు తెగింది. నాతో ఉండే లక్ష్మీదేవమ్మ, "ఏంది పంతులమ్మా, మొగుడు కలలోకి వస్తాండాడా?" అని ఎగతాళి చేసింది. అవునన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

నువ్వు అన్నీ రాశావు గానీ అసలు సంగతి సరిగా రాయలేదు. నిప్పు పడమటి గట్టు మీద ఎక్కడ పుట్టింది? గట్టు మొదట్లోనా, నడిమధ్యనా? రోడ్డుకు పోయే దారి ఎంతవరకు కాలింది? సుంకులమ్మ రాయి బాగుందా? దారిలో ఉండేది కాబట్టి అడుగుతున్నాను.

కంబన్నను ఏం చేస్తారు బావా? ఆయన పొయ్యి ఆర్పకుండా పోయే మనిషి కాదు. మన వాకిట్లో చుట్ట కాల్చి కూడా పీకను నీళ్ల తొట్టి దగ్గర ముంచి పారేసేవాడు. నేను కళ్లారా చూశాను. రేంజరు దొరకు ఈ మాట చెప్పు. నీ గీత నుంచి రాలేదు, ఆయన పొయ్యి నుంచీ రాలేదు అని చెప్పు. అడవిలో నిప్పుకు ఎవరో ఒకరు దొరికి తీరాలా?

నాకు కోపమేమీ లేదు. ఉండేది, పోయింది.

నీ రామలక్ష్మి

*

గుండ్లబావి బీటు
27 ఏప్రిల్ 1955

ప్రియమైన రామలక్ష్మికి,

నువ్వు చెప్పినట్టే చుట్ట సంగతి దొరకు చెప్పాను. "నీ పెండ్లాం సాక్ష్యం చెప్తుందా?" అని నవ్వాడు. కంబన్నను తాలూకా సబ్‌జైల్లో పెట్టారు. ఆదోని తట్టు మనిషికి ఇక్కడ జామీను నిలబడేవాళ్లు ఎవరున్నారు? నేను నిలబడతానంటే గార్డువి నువ్వెట్లా నిలబడతావన్నారు. ఆయన భార్య గిడ్డమ్మ వాగవతల చెట్టు కింద ఆవులతో ఉంది. రోజూ పోయి ఒకసారి పలకరిస్తాను. "నా మొగుడు ఎప్పుడొస్తాడప్పా?" అని అడుగుతుంది. వస్తాడులే అంటాను. ఆ మాట అనే హక్కు నాకుందో లేదో తెలియదు.

రాయికేమవుతుంది, రాయే కదా. నేను అటు పోలేదు. రోజూ నా గీత దగ్గరికి పోతున్నాను. గీతకూ మంట మొదలైన గట్టుకూ మధ్య అడుగులతో కొలిచాను. ఒకరోజు మూడు వందల ఇరవై వచ్చింది, ఇంకొకరోజు రెండు వందల తొంభై. అంత దూరం నిప్పురవ్వ ఎగురుతుందా? గాలి ఉంటే ఎగురుతుంది. ఆ రోజు గాలి ఉందా? ఉందని ఒకరు, లేదని ఒకరు. నన్నడిగితే రెండూ నిజమే అనిపిస్తుంది.

కొండంతా మసి. నడిస్తే మోకాళ్ల దాకా నలుపు. అయితే నిన్న ఒకటి చూశాను. గట్టు చివర మాడిపోయిన కొండగోగు, ఒంటి మీద ఒక్క ఆకు లేదు, పై కొమ్మన మూడు పసుప్పచ్చ పువ్వులు పూసింది. కింద సగం చెట్టు బొగ్గు. దానికి ఎవరూ చెప్పలేదేమో కాలిపోయానని.

ఇంటి దగ్గర నీ ఎర్రబంతి చెట్లు ఎండిపోయాయి. తప్పు నాదే, నీళ్లు పోయడం మరిచిపోయాను. పువ్వులన్నీ నువ్వు పోయేరోజే కోసుకుపోయినట్టున్నావు, చెట్లు బోడిగా ఉండినాయి. మీ అమ్మగారింటి నుంచి తెచ్చిన విత్తనం, ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేని రంగు. ఆ రంగు పోగొట్టినందుకు తిట్టు.

నీ బావ,
పుల్లయ్య

*

గుండ్లబావి బీటు
28 జూన్ 1955

ప్రియమైన రామలక్ష్మికి,

నేను రాసి రెండు నెలలయింది, నీ నుంచి ఉత్తరం లేదు. బంతిచెట్ల మీద కోపమైతే ఇంతకాలం ఉండదు. ఒంట్లో బాగలేదా? పరీక్షలా? పోస్టు మనిషి వారానికొకసారి కొండ కింది పల్లెకు వస్తాడు, నేను ప్రతిసారీ దిగి పోతున్నాను. "గార్డుకు ఏమీ రాలేదు" అని దూరం నుంచే చెయ్యి ఊపుతున్నాడు. దగ్గరికి వచ్చి చెప్పినా బాగుండు.

వానలు పడ్డాయి. నీకు చెప్పకుండా ఎవరికి చెప్పుకోవాలో తెలియక రాస్తున్నాను.

మొదటి వాన పడిన నాలుగో రోజు గట్టెక్కాను. మసిలో నుంచి నక్కవుల్లి ఆకు లేకుండా పువ్వు కాడలే నిలబెట్టింది. నేలతాడి నేలకంటుకుని చిన్న చిన్న పసుపు చుక్కలు. పన్నెండేళ్లుగా ఈ బీటులో తిరుగుతున్నాను, ఇన్ని నేలతాడి పువ్వులు ఎన్నడూ చూడలేదు. అన్నాళ్లు గడ్డి కింద ఎట్లా దాక్కున్నాయో. అడవినాభి తీగలు అప్పుడే మోకాలెత్తు లేచాయి. చిట్టీత మొద్దులు మాడిపోయాయనుకున్నాను, ప్రతి మొద్దు నుంచీ పచ్చటి కుచ్చు. పేరు తెలియని నీలం పువ్వు ఒకటి ఉంది. చెంచు పెద్దాయన్ని అడిగితే ఆయనకూ తెలియదన్నాడు. ఆయనకే తెలియదంటే నాకు భయం వేసింది.

ఎక్కడ ఎక్కువ కాలిందో అక్కడే ఎక్కువ పూసింది. ఇది నాకు మింగుడు పడడం లేదు. నాలుగు రోజులు ఏడుస్తూ కొట్టిన మంట ఇప్పుడు మేలు చేసిందా? కొండ ఇంత అందంగా ఉంటే సంతోషం వేస్తుంది. వెంటనే సబ్‌జైల్లో మనిషి గుర్తొస్తాడు. సంతోషించినందుకు సిగ్గేస్తుంది. తిరిగి పువ్వు కనిపిస్తుంది. రోజంతా ఇదే పని.

సెప్టెంబరు అయిదున కేసు. నన్ను సాక్షిగా పిలుస్తారు.

ఒక కార్డు రాయి చాలు.

నీ బావ,
పుల్లయ్య

*

కడప
6 జులై 1955

ప్రియమైన బావకు,

ఒంట్లో బాగానే ఉంది. రాయలేదంతే.

నాకు పువ్వుల సంగతి రాయొద్దు. కంబన్న సంగతి రాయి. ఆయనకు అన్నం ఎవరు పెడుతున్నారు? గిడ్డమ్మ ఆవులు ఎన్ని మిగిలాయి? కోర్టులో నువ్వు ఏం చెప్పబోతున్నావు?

నన్ను అర్థం చేసుకోవాలని చూడొద్దు. నాకే అర్థం కావడం లేదు.

రామలక్ష్మి

*

గుండ్లబావి బీటు
24 ఆగస్టు 1955

ప్రియమైన రామలక్ష్మికి,

కంబన్నకు అన్నం జైల్లోనే పెడుతున్నారు. నేను రెండుసార్లు పోయి చూశాను. చిక్కిపోయాడు. గిడ్డమ్మ ఆవుల్లో రెండు చనిపోయాయి, పద్నాలుగు ఉన్నాయి. అడిగినవి రాశాను. పువ్వుల సంగతి రాయొద్దన్నావు. కానీ ఒక పువ్వు సంగతి రాయక తప్పడం లేదు.

మొన్న గిడ్డమ్మ ఆవు ఒకటి తప్పిపోతే వెతుక్కుంటూ పడమటి గట్టు అవతల సుంకులమ్మ రాయి దగ్గరికి పోయాను. మంట తర్వాత అటు పోవడం అదే మొదలు. ఇన్నాళ్లూ నా గీత చుట్టూ, కంబన్న పొయ్యి చుట్టూ గానుగెద్దులాగా తిరిగాను గానీ, దారి పక్కన రాయిని చూసిందే లేదు. నువ్వు మార్చిలోనే అడిగావు, రాయి బాగుందా అని. రాయే కదా అన్నాను.

రాయికి తూర్పున అంతా కాలిన నేల. కొత్త గడ్డి, నాభి పువ్వులు ఎర్రగా పసుపుగా తలకిందులుగా వేలాడుతున్నాయి. పడమట మాత్రం కాలలేదు. పోయినేటి బోదగడ్డి ఎండుపుల్లలు పచ్చగడ్డి నడుమ ఇంకా నిలబడే ఉన్నాయి. ఆ రోజుల్లో గాలి వీస్తే పడమటి గాలే. అంటే మంట ఎక్కడినుంచో వచ్చి రాయిని తాకలేదు. రాయి దగ్గర పుట్టి తూర్పుకు పోయింది. పన్నెండేళ్ల గార్డును, ఈ మాత్రం చదవగలను.

ఆ కాలని వైపు, అమ్మవారి ముఖం ఉండేవైపు, రాయి మొదట్లో బంతిచెట్లు మొలిచాయి. ఏడు. రెండు పూశాయి. నల్లమలలో బంతి మొలవదు, ఎవరో తెస్తే తప్ప. ఎర్రబంతి అసలే మొలవదు.

ఆవును మరిచిపోయాను.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. అడగాలో వద్దో కూడా తెలియడం లేదు. నా గీతే అనుకుని అయిదు నెలలు నిద్ర పోలేదు. ఇప్పుడు గీత కాదని తెలిశాక నిద్ర పట్టాలి కదా, అదీ లేదు. అయిదో తేదీన మెజిస్ట్రేటు ముందు నిలబడాలి. నువ్వు రాసేది ఏదైనా ఉంటే ఆ లోపల నాకు అందేటట్టు రాయి. లేకపోయినా సరే.

నీ బావ,
పుల్లయ్య

*

కడప
31 ఆగస్టు 1955

ప్రియమైన బావకు,

రాయి దగ్గర పొగ పెట్టింది నేనే.

నీకు కోపం వచ్చినా సరే మొదటినుంచీ రాస్తాను. ఆ పొద్దున నువ్వు నన్ను సాగనంపడం మాని గడ్డి కాల్చడానికి పోయావు. రెండేళ్లు విడిగా ఉండబోయే పెండ్లాం కంటే నీకు ఆ గడ్డి ఎక్కువైంది. ఏడుస్తూ నడిచాను. మన ఆడవాళ్లు అడవి పొలిమేర దాటేటప్పుడు సుంకులమ్మకు పొగ పెట్టి మొక్కుకుంటారు, నీకు తెలుసు. ఎండల్లో అది వద్దని నువ్వే నాకు వందసార్లు చెప్పావు, అదీ తెలుసు. అయినా కొంగులో పిడక, సాంబ్రాణి, అగ్గిపెట్టె కట్టుకునే బయలుదేరాను. బంతిపూలన్నీ కోసి దండ గుచ్చాను. దండ రాయికి కట్టి, పిడక రాజేసి, సాంబ్రాణి వేశాను. మా బావను ఈ అడవి నుంచి తప్పించి కడప తట్టుకు బదిలీ చేయించు తల్లీ అని మొక్కుకున్నాను. అంతే నా కోరిక.

ఆ పొగను ఆర్పకూడదు. ఆర్పితే మొక్కు చెడుతుంది. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే అమ్మ ముఖం తిప్పుకుంటుంది. మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. గార్డు పెండ్లాన్ని అయి ఉండి, చుట్టూ గడ్డి ఎట్లా ఉందో చూసి కూడా, లేచి నడిచాను. పది అడుగులు పోయాక వెనక చిటపటమన్నట్టు వినిపించింది. ఆ చప్పుడు నిజంగా విన్నానో, నీ మొదటి ఉత్తరం చదివాక విన్నాననుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. విని ఉంటే, వినే తిరిగి చూడలేదన్నమాట. అది తలచుకుంటే అన్నం పోదు.

పేడ లోపల రాజుకుంటే రెండు రోజులైనా ఉంటుందని నీ మొదటి ఉత్తరంలో చదివినప్పుడే తెలుసు, అది నా పిడకేనని. తెలిసీ రాయి బాగుందా అని అడిగాను చూడు, అంత దొంగదాన్ని. చెప్తే నన్ను ట్రైనింగు నుంచి తీసేస్తారని భయం. నీ ఉద్యోగం పోతుందని భయం. అన్నిటికంటే నీ ముఖం ఎట్లా చూడాలని భయం. నేను భయపడుతూ కూర్చున్నాను, ఆయన జైల్లో కూర్చున్నాడు.

ఈ రోజే రేంజరు దొరకు కూడా ఉత్తరం వేశాను. అంతా ఉన్నదున్నట్టు రాశాను. నువ్వు కోర్టులో అబద్ధం చెప్పొద్దు. నా పేరు చెప్పు.

ఆ చెట్లను పీకెయ్. నేను చూడలేను.

రామలక్ష్మి

*

గుండ్లబావి బీటు
10 సెప్టెంబరు 1955

ప్రియమైన రామలక్ష్మికి,

నీ ఉత్తరం నాకు ఏడో తేదీన అందింది. వాగు పొంగి పోస్టు మనిషి నాలుగు రోజులు అవతలే ఉండిపోయాడు. అప్పటికి కోర్టు అయిపోయింది. నేను చెప్పాల్సిన అబద్ధం చెప్పేశాను.

ఫైర్‌లైను సరిగా ఆర్పకుండా వచ్చాను, నిప్పు నా గీత నుంచే లేచింది, కంబన్నకు సంబంధం లేదు అని మెజిస్ట్రేటు ముందు చెప్పాను. అయిదు నెలలు అదే నమ్మాను కదా, ఎక్కడా తడుముకోకుండా చెప్పాను. కంబన్నను ఆ సాయంత్రమే వదిలేశారు.

మరుసటిరోజు దొర నన్ను పిలిచి, నువ్వు తనకు రాసిన ఉత్తరం బల్ల మీద పెట్టాడు. "ఒక్క నిప్పుకు ఇద్దరు ఒప్పుకుంటే నేనెవర్ని రాసుకోవాలప్పా? మొగుడూ పెండ్లాలు కూర్చొని తేల్చుకొని, ఒక్కరు రాండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపు వచ్చింది. దొర తల పట్టుకున్నాడు. రెండు కాగితాలూ పైకి పంపించానన్నాడు. విచారణ జరుగుతుంది. నిన్నూ పిలవొచ్చు. పిలిస్తే ఇద్దరం పోదాం, ఈసారి ఉన్నదే చెబుదాం.

అయితే అసలు సంగతి ఇంకా ఉంది.

కంబన్న నిన్న గిడ్డమ్మతో, ఆవులతో ఊరికి బయలుదేరాడు. దారిలో కొంతదూరం నేనూ పోయాను. అతనికి నిజం చెప్పాలనుకుని, సుంకులమ్మ రాయి దగ్గర ఆపి, నీ సంగతి చెప్పి చేతులు జోడించాను. కంబన్న ఆ బంతిపూల వైపు చూస్తూ, "నాకు తెలుసప్పా" అన్నాడు.

"ఆ పొద్దు నేను ఈడనే ఉండా. ఆ చండ్రచెట్టు కాడ ఆవుల్ని నిలేసినా. చెల్లెమ్మ పొగ పెట్టి, కండ్లు తుడ్సుకుంటా పోయింది. వెనక్కి చూల్లేదు గదా, నన్ను చూల్లేదు. పిడక మీద గాలి ఆడతాండాది, పక్కన గడ్డి శానా ఎండిండాది. తెలుస్తానే ఉండాది నాకు. కాలితో ఒక్క తొక్కు తొక్కితే అయిపోయేది. అమ్మ పొగ అది. తొక్కేదానికి కాలు రాలేదు. చేతులెత్తి మొక్కి, ఆవుల్ని చుట్టు తిప్పుకొని పోతి."

"మరి ఈ మాట కోర్టులో ఎందుకు చెప్పలేదప్పా?" అన్నాను.

"చెప్తే, నువ్వెందుకు ఆర్పలేదని అడుగుతారు గదా. దానికి నా కాడ జవాబు లేదు. ఆర్నెల్లు కూసోని నన్ను నేనే అడిగినా. ఇప్పుటికీ లేదు."

గిడ్డమ్మ అతని వైపు చూసి, "నోరు తెరిచి చెప్పింటే నా రెండావులు బతికేవి" అంది. అతను ఆవుల్ని అదిలించాడు. వాళ్లు రోడ్డెక్కేదాకా చూస్తూ నిలబడ్డాను.

చెట్లు పీకలేదు. పీకబోతే గిడ్డమ్మే వద్దంది. ఒక ముదురు పువ్వు తుంచి కొంగులో కట్టుకుంది, మా ఊర్లో ఈ రంగు లేదని. ఆమె నిన్ను క్షమించిందని నేను అనుకోవడం లేదు. రంగు నచ్చిందంతే.

నీ మొక్కు తీరింది రామలక్ష్మీ. విచారణ తేలేదాకా నన్ను అడవిలో ఉంచకూడదని కడప కట్టెల డిపోకు వేశారు. వచ్చే సోమవారం బయలుదేరాలి. నీ దగ్గరికి వస్తున్నానంటే సంతోషంగానే ఉంది. నీలం పువ్వు పేరు తెలుసుకోకుండా పోతున్నానని బాధగానూ ఉంది. నీ మీద కోపం ఉందా అంటే ఉంది. ఎదురుగా కూర్చుని పోట్లాడుకుందాం, ఉత్తరాల్లో పోట్లాడితే మధ్యలో వాగు పొంగుతుంది. ఆ రోజు రోడ్డు దాకా నీతో నడిచి ఉంటే నీ కొంగులో పిడక ఉండేది కాదు. ఈ ఒక్క సంగతిలో మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు.

సోమవారం ఆ దారినే నడిచి వస్తాను. రాయి దగ్గర ఆగుతాను. పొగ పెట్టను. కడివెడు నీళ్లు తీసుకుపోయి ఆ ఏడు చెట్లకూ పోసి, పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసి వస్తాను.

నీ బావ,
పుల్లయ్య